నీలం కుచ్చిళ్ళు

కాపురానికి వచ్చిన రోజే నన్ను చూసి తలుపేసుకుంది ఒక ఆల్చిప్ప.

హారతి కళ్ళకద్దుకుని, కుడికాలు ముందుపెట్టి, చిలకలూరిపేటలోని ఆ ఇంటి హాల్లోకి వచ్చాను. ఎదురుగా గోడ పొడుగునా అద్దాల తొట్టె. అందులో ఉప్పునీళ్ళు, నీలం దీపం, రాళ్ళు, ఆ రాళ్ళ మధ్య దోసిలంత చిప్ప. నోరు తెరుచుకుని ఉంది. రెండు డొప్పల మధ్య నుంచి మెత్తటి కండ, నీలం మీద బంగారు చుక్కలతో, చీర కుచ్చిళ్ళలాగా మడతలు మడతలుగా బయటికి పరుచుకుంది. ఎంత బాగుందో అని ముందుకు వంగాను. టప్పున మూసుకుంది. చిమ్మిన నీళ్ళు వచ్చి నా పట్టుచీర మీద పడ్డాయి.

"మాధురికి కొత్తవాళ్ళంటే బెరుకు" అన్నారు మా అత్తగారు బాలత్రిపురసుందరి. వెంటనే నాలిక కరుచుకుని, "అంటే, మాధురి పెంచిన చిప్పకి" అని సర్దుకున్నారు.

మాధురి మా ఆయన ప్రద్యుమ్నకి మొదటి భార్య. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. రెండేళ్ళ కిందట వానాకాలంలో విషజ్వరం వచ్చి పోయింది. నాదీ రెండో పెళ్ళే, విడాకులు తీసుకున్నదాన్ని. నా మొదటి మొగుడు బతికుండి కూడా ఏనాడూ నా కలలోకి రాలేదు. మాధురి మాత్రం పోయి కూడా ఆ ఇంట్లో గదిగదికీ ఉంది. ఆవిడది ఎడమచేతివాటం. పోపుల డబ్బా, లైటరు, గరిటెలు అన్నీ ఎడమవైపే. నేను కుడివైపు పెడితే మర్నాటికల్లా ఎవరో ఒకరు అలవాటు కొద్దీ మళ్ళీ ఎడమవైపు సర్దేవారు. పొద్దున్న ఎవరూ నొక్కకుండానే తొట్టెలో నీలం దీపం వెలిగేది, సాయంత్రం ఎవరూ ఆర్పకుండానే ఆరిపోయేది. టైమరని నాకు తెలుసు. తెలిసినా వెన్ను చల్లబడేది.

తొట్టె పెత్తనం స్తుతిది. స్తుతి మాధురి కూతురు, పన్నెండో ఏడు. సెలవులు కాబట్టి రోజంతా దాని ముందే. నన్ను పిలవాల్సి వస్తే "అండి" చేర్చేది, బ్యాంకు మేనేజరుతో మాట్లాడినట్టు. నేను ఎప్పుడు హాల్లోకి వచ్చినా చిప్ప మూసుకోవడం, ఆ పిల్ల తల తిప్పి నన్ను చూడడం, నేను దొంగలాగా వంటింట్లోకి జారుకోవడం. కొన్నాళ్ళు చూసి, ఉండబట్టలేక అడిగేశాను.

"నన్ను చూస్తే ఎందుకు మూసుకుంటుంది?"

"మిమ్మల్ని చూసి కాదండి, మీ నీడకి. దాని అంచు పొడుగునా చిన్నచిన్న కళ్ళుంటాయి. మీరు కిటికీ వైపు నుంచి వస్తారు. ఏదో చేప మీదికొచ్చిందనుకుంటుంది."

"మరి నువ్వొస్తే?"

"నేను గోడ వైపు నుంచి వస్తానండి. అమ్మ అలాగే వచ్చేది."

మర్నాడు గోడకి ఆనుకుని, చీర చెంగు నడుముకి దోపుకుని, మెల్లగా వెళ్ళాను. మూసుకోలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఉద్యోగం వచ్చిన రోజున కూడా అంత సంతోషం లేదు నాకు. స్తుతి నవ్వలేదు గాని, అప్పటి నుంచి పనిచేస్తూ నన్ను పక్కన నిలబడనిచ్చేది. నేను అడిగేదాన్ని, తను చెప్పేది. దానికి విడిగా మేత వేయక్కర్లేదు, వెలుతురే తిండి. కండలో కంటికి కనబడని నాచు ఉంటుంది, అది వెలుతురుతో వండి దీనికి పెడుతుంది. ఎండకి తొట్టెలో నీళ్ళు తగ్గితే మంచినీళ్ళే పోయాలి, ఎందుకంటే ఆవిరైపోయేది నీరు, ఉప్పు లోపలే మిగులుతుంది. ఆ మంచినీళ్ళలో సున్నం కలిపి, తేరాక పై తేట మాత్రం సెలైన్ గొట్టంతో చుక్కచుక్కగా వదలాలి. చిప్ప డొప్ప కట్టుకునేది ఆ సున్నంతోనే. మాధురి దాచేపల్లి నుంచి తెప్పించి, కాలేజీ ల్యాబులో పరీక్ష చేయించి పెట్టిన సున్నం డబ్బా ఇంకా సగం ఉంది. ఆ కండని కుచ్చిళ్ళనడం కూడా మాధురి పెట్టిన పేరేనట. నాకు తోచిన పోలిక నాకంటే ముందే ఆవిడకీ తోచిందని తెలిసి, ఎందుకో చేతుల మీద రోమాలు లేచాయి.

ఒకరోజు గొట్టం సరిచేస్తూ, నావైపు చూడకుండా అంది స్తుతి. "ఇది ఉన్నన్నాళ్ళూ అమ్మ ఉన్నట్టేనండి."

పోతే ఏమిటని నేను అడగలేదు. పోతే, అదీ నేను వచ్చాక పోతే, ఈ పిల్ల జన్మలో నన్ను దగ్గరికి రానివ్వదు. నాకు పిల్లలు లేరు. ఈ పిల్ల నాకు కావాలనిపించింది. అంత తొందరగా అలా అనిపించినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

మిరపకాయల లారీలు గుంటూరు యార్డుకి బారులు తీరిన రోజులవి. హైవే మీద నుంచి ఘాటు ఇంట్లోకి కొట్టి అందరం తుమ్మేవాళ్ళం. ప్రద్యుమ్న స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఇంజనీరు, ఆ వారం రాత్రి షిఫ్టు. శుక్రవారం పొద్దున్నే పాలు తీసుకుందామని నేను హాల్లోకి వచ్చాను. నీలం దీపం ఇంకా వెలగలేదు. నేల మీద తడి అడుగులు కనిపించాయి.

పెరటి గుమ్మం దగ్గర మొదలై తొట్టె దాకా వచ్చాయి. ఆడమనిషి అడుగులు. తొట్టె ముందు కాస్త నీటిమడుగు, దాని పక్కన పసుపు చుక్కలు.

స్తుతి నిద్రలో ఉంది. అత్తగారు పొడిచీరలో దేవుడి గదిలో కూర్చుని స్తోత్రం చదువుకుంటున్నారు. ఆవిడ భర్త పోయిన మనిషి, పసుపు జోలికి వెళ్ళరు. మరి ఎవరు? భర్త ఉండగా పసుపుకుంకాలతో వెళ్ళిపోయిన ఇల్లాలు పేరంటాలవుతుందని మా వాళ్ళ నమ్మకం. మా అమ్మమ్మ చెప్పే కథల్లో పేరంటాలు తడిచీరతో, పసుపు కాళ్ళతో తన ఇల్లు చూసుకోవడానికి వచ్చేది. నేను చప్పున ఫ్యాను వేశాను. చూస్తుండగానే అడుగులు ఆరిపోయాయి.

పై శుక్రవారం మళ్ళీ వచ్చాయి. ఆ పై శుక్రవారమూ అంతే. ఎవరితో చెప్పను? కొత్తగా వచ్చినదాన్ని, మీ మొదటి కోడలు ఇంట్లో తిరుగుతోందని చెబితే ఏమనుకుంటారు? దయ్యాలను నమ్మే మనిషిని కాను. అయినా గురువారం సాయంత్రం అయిందంటే చాలు, గుండెల్లో రాయి పడేది.

సరిగ్గా అప్పుడే చిప్పకి జబ్బు చేసింది. ముందు తొట్టె అద్దాల మీద పాకే నత్తలు ఒక్కొక్కటే రాలి అడుగున పడ్డాయి. తర్వాత కుచ్చిళ్ళు ఒకపక్క ముడుచుకుపోయాయి. రంగు వెలిసింది. డొప్పలు బార్లా తెరుచుకుని, నీడ పడినా మూసుకోవడానికి ఓపిక లేనట్టు ఉండేది. నీడకి మూసుకున్నప్పుడు నేను ఏడ్చినంత పని చేశాను గదా, ఇప్పుడు మూసుకుంటే బాగుండునని కావాలని కిటికీ వైపు నుంచి వెళ్ళేదాన్ని.

స్తుతి పొద్దున సాయంత్రం నీళ్ళు పరీక్ష చేసేది. "సున్నం సరిగ్గానే ఉందండి. ఉప్పూ సరిగ్గానే ఉంది." ఆ తర్వాత నావైపు తిరిగింది. "మీరేమైనా వేశారా?"

"లేదమ్మా."

"సబ్బు చేతులు పెట్టారా?"

"అసలు చెయ్యే పెట్టలేదు."

తల ఊపింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. గొడ్డొచ్చిన వేళ, కోడలొచ్చిన వేళ అని సామెత. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. అనకుండా ఉండడానికి అందరూ కష్టపడుతున్నట్టు ఉండేది.

"ఎండలు, శరణ్యా" అన్నాడు ప్రద్యుమ్న. "రోహిణి కార్తెకి రోళ్ళే పగులుతాయి. చిప్ప ఎంత." హాల్లో ఏసీ బిగించాడు, రోజంతా వేసి ఉంచమన్నాడు. తొట్టె వైపు మాత్రం చూడలేదు. అన్నం తినేటప్పుడు కూడా దానికి వీపు పెట్టి కూర్చునేవాడు.

"మీరొకసారి చూడొచ్చు కదండీ" అన్నాను.

"నేను చూస్తే ఏం తెలుస్తుంది? అది తన డిపార్టుమెంటు."

తన అంటే ఎవరో చెప్పక్కర్లేదు. పోయి రెండేళ్ళయినా ఆవిడ డిపార్టుమెంటు ఆవిడదే.

ఏసీ వేసినా చిప్ప తేరుకోలేదు. వారం మధ్యలో కొంచెం నయంగా ఉండేది, శనివారం వచ్చేసరికి మళ్ళీ వాలిపోయేది. ఈ సంగతి గమనించి లెక్క వేసుకున్నాను. శుక్రవారం ఆవిడ వస్తోంది, శనివారానికి చిప్ప నీరసిస్తోంది. తన చిప్పని తనే తీసుకుపోతోందా? నా చేతుల్లో పెట్టి వెళ్ళడం ఇష్టంలేకనా? ఇలాంటి ఆలోచనలు నాకు వస్తాయని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆ శుక్రవారం తెల్లవారగట్లే లేచి వంటింటి గుమ్మంలో, చీకట్లో నిలబడ్డాను. భయం లేక కాదు, ఇంక భరించలేక.

పెరటి తలుపు తెరుచుకుంది. తల మీద నుంచి నీళ్ళు కారుతూ, ఒంటికి అంటుకుపోయిన తడిచీరతో అత్తగారు లోపలికి వచ్చారు. చేతిలో చెంబు. మెల్లగా తొట్టె దగ్గరికి వెళ్ళి మూత పక్కకి జరిపారు.

"అమ్మా మాధురీ" అన్నారు గుసగుసగా. "వాడు వద్దంటుంటే ఈ పెళ్ళి చేసింది నేను. కోపముంటే నా మీద చూపించు. కొత్తగా వచ్చిన ఆ పిల్ల ఏ పాపం ఎరగదు. దాని జోలికి రాకు తల్లీ. చల్లగా ఉండనియ్."

చెంబు వంచారు. పసుపు నీళ్ళు ధారగా తొట్టెలో పడ్డాయి.

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్నాళ్ళూ నేను దయ్యం అనుకున్నది నా కోసం వేడుకుంటున్న ముసలావిడ. వెళ్ళి ఆ తడిచీర మీదే కౌగిలించుకుందామని రెండడుగులు వేశాను. అప్పుడే టైమరు పడి నీలం దీపం వెలిగింది. చింతపండుతో తోమిన చెంబు తళతళా మెరిసింది.

"అత్తయ్యా, అది రాగి చెంబా?"

ఆవిడ ఉలిక్కిపడ్డారు. దొరికిపోయిన చిన్నపిల్లలాగా చెంబు చెంగు చాటున పెట్టుకున్నారు. "పేరంటాలికి పసుపుకుంకాలు ఇచ్చే అర్హత నాలాంటిదానికి లేదని తెలుసమ్మా. ఇవ్వాల్సింది నువ్వు. కాపురానికి వచ్చిన మర్నాడే సవతికి మొక్కమని నిన్నెలా అడగను? అందుకని నేనే..."

"రాత్రంతా నీళ్ళు ఇందులోనే ఉంచుతారా?"

"అమ్మవారి ముందు పెడతాను. పసుపు, కుంకుమ వేసి, నిమ్మచెక్క పిండి."

మా నాన్న పర్చూరు మండలంలో వ్యవసాయశాఖలో పనిచేసేవాడు. మిరపకి కొమ్మ ఎండు తెగులు వస్తే రాగి మందు కొట్టించేవాడు. కొట్టిన డబ్బాలు, చేతులు కుంటలో కడగబోయిన రైతుల మీద గొంతు చించుకునేవాడు. పైరుకి మందయితే నీళ్ళలో పురుగుకీ నత్తకీ విషంరా అని. రాగి, దానికి పులుపు తోడు, రాత్రంతా నాని, వారం వారం తొట్టెలోకి.

చెప్పకుండా ఉందామా అనిపించింది. చెబితే ఆవిడ ఏమైపోతారో. చెప్పకపోతే వచ్చే శుక్రవారం మళ్ళీ ఇంతే.

"అత్తయ్యా, రాగి దీనికి పడదు" అన్నాను.

ఆవిడ చెంబు వంక చూశారు, చిప్ప వంక చూశారు. "నత్తలు కూడానా?" అన్నారు.

"తెలియక చేశారు."

తడిచీరతోనే నేల మీద కూర్చుండిపోయారు. నేనూ పక్కన కూర్చుని ఆవిడ తల తుడిచాను. "స్తుతికి చెప్పకమ్మా" అన్నారు. "వాళ్ళమ్మని చంపినట్టు చూస్తుంది నన్ను." చెప్పనని మాటిచ్చాను.

పొద్దున్న స్తుతితో, నీళ్ళలో రాగి కలిసినట్టుంది, తొట్టె మోటారులో తీగ తేలిందేమో అన్నాను. ప్రద్యుమ్న మోటారు విప్పాడు. ఆయనకి మోటార్లు కొట్టిన పిండి, అందులో తీగ ఎక్కడా తేలలేదని చూడగానే తెలిసిపోయి ఉంటుంది. తలెత్తి నన్ను చూశాడు, గుమ్మంలో వణుకుతున్న తల్లిని చూశాడు. "అవును, ఇదే" అన్నాడు కూతురితో. కొత్త మోటారు బిగించడానికి ఆయన చేతులు మోచేతుల దాకా తొట్టెలో పెట్టాడు. మాధురి పోయాక ఆ నీళ్ళు ఆయన ముట్టుకోవడం అదే మొదలు. పెట్టిన చేతులు చాలాసేపు తీయలేదు.

ఆ రోజే వ్యానులో డబ్బాలు వేసుకుని ముగ్గురం కొత్తపట్నం సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. ఒడ్డున నీళ్ళు పనికిరావని స్తుతి అంటే, పడవవాళ్ళని బతిమాలి లోపలికి పంపించి, తేట నీళ్ళు తెప్పించాం. వడకట్టాం. తొట్టెలో కొంత తీసి కొంత పోశాం, విషం పీల్చే బొగ్గు సంచి వేశాం. వారం వారం ఇదే పని. అత్తగారు రాగి చెంబుని అటక మీదికి ఎక్కించేశారు.

మొదటి వాన పడ్డ రోజున నేను బట్టలు తీయడానికి కిటికీ పక్క నుంచి పరిగెత్తాను. వెనక టప్పుమని చప్పుడు. చిప్ప నా నీడకి మూసుకుంది. బట్టలు తడిసిపోతుంటే అక్కడే నిలబడి నవ్వాను. మెల్లగా కుచ్చిళ్ళు మళ్ళీ విచ్చుకున్నాయి, ముడుచుకున్న పక్క కూడా.

ఇల్లంతా తేలికపడింది. అందరికంటే ఎక్కువ సంతోషపడాల్సిన పిల్ల మాత్రం అంతకంతకీ మూగదైపోయింది. కంచంలో అన్నం కెలికి లేచిపోయేది. ఆఖరిసారి కొత్తపట్నం వెళ్ళినప్పుడు, ప్రద్యుమ్న పడవవాళ్ళతో మాట్లాడుతుంటే, మేమిద్దరం ఖాళీ డబ్బాల మీద కూర్చున్నాం.

"చిప్ప బాగయింది కదా. ఎందుకలా ఉన్నావు?"

"చెబితే నవ్వుతారు."

"నవ్వను."

కాలితో ఇసుక తవ్వుతూ అంది. "అమ్మ వచ్చేదండి. శుక్రవారాలు. నేల మీద తడి అడుగులు, పసుపు చుక్కలు ఉండేవి. లేచి చూసుకుని, మళ్ళీ వెళ్ళి పడుకునేదాన్ని. ఎవరికైనా చెబితే రాదేమోనని చెప్పలేదు."

నేను తన వైపు తిరిగాను.

"మోటారు మార్చినప్పటి నుంచి రావట్లేదు. ఈ కొత్త నీళ్ళు నచ్చలేదేమో" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

అవే అడుగులు. వాటిని చూసి నేను వణికి చచ్చాను. ఈ పిల్ల వాటి కోసం వారమంతా కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసింది. చిప్పని బతికించానని నేను మురిసిపోతుంటే, తన లెక్కలో తల్లి రెండోసారి పోయింది. ఆ అడుగులు మీ బామ్మవి అని చెప్పగలనా? చెబితే బామ్మ కూడా పోతుంది. దారంతా కిటికీలోంచి పత్తి చేల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక అత్తగారికి చెప్పాను. "ఆ పని మొదటి నుంచీ నీదేనమ్మా" అన్నారు ఆవిడ.

శుక్రవారం వేకువనే పెరట్లో తలారా నీళ్ళు పోసుకున్నాను. కాళ్ళకి పసుపు రాసుకున్నాను. చీర పిండకుండా, ఒట్టి చేతులతో, హాల్లోకి నడిచాను. గోడ వైపు నుంచే వెళ్ళాను. చిప్ప రాత్రికి ముడుచుకుని ఉంది. ఏం మాట్లాడాలో ముందే అనుకున్నాను గాని, అక్కడికి వెళ్ళాక ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"మాధురి గారూ, నేను శరణ్యని" అన్నాను. "పిల్ల సరిగ్గా తినడం లేదు. ఏం చేసి పెడితే తింటుందో నాకు తెలియడం లేదు."

ఆవిడంటే నాకున్న భయం ఎప్పుడు పోయిందో తెలియదు. ఆ పిల్లకి మేమిద్దరమూ కావాలి, అంతే. కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగాను. గది గుమ్మంలో స్తుతి నిలబడి ఉంది.

ఎంతసేపటి నుంచి ఉందో. నేల మీది అడుగులు చూసింది, నా కాళ్ళు చూసింది, నీళ్ళు కారుతున్న చీర అంచు చూసింది. పట్టుబడిపోయాను. ఇంక ఈ పిల్ల నా ముఖం చూడదనుకున్నాను.

"అప్పుడు కూడా మీరేనా?" అంది.

"కాదమ్మా" అన్నాను. అది నిజమే.

ఇంకేమైనా అడుగుతుందని భయపడుతూ నిలబడ్డాను. అడగలేదు.

"తడిబట్టతో ఉంటే జలుబు చేస్తుంది. వెళ్ళి మార్చుకో" అంది.

నేను చీర మార్చుకుని వచ్చేసరికి ఫ్యాను కట్టేసి, తొట్టె ముందు నేల మీద కూర్చుని ఉంది. పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. ఆ అడుగులు ఆరేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.